డిస్క్ చేతిలో ఉంటే ఆట మీదేనా?

(భీమవరంలో విద్యార్థులు, గేమింగ్ సెంటర్లు నడిపేవారు, రిపేరు పనివారి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారమండి. వెనక వరసలో తమ్ముళ్ళూ, వినబడుతోందా? సరే.

ఎవరైనా కొత్త కన్సోల్, అదే టీవీకి తగిలించి ఆడుకునే ఆటల పెట్టె, కొంటానంటే చాలు, పక్కనున్నవాళ్ళు రెండు జట్లయిపోతారు. ఒక జట్టు సోనీ వాళ్ళ పీఎస్5 అంటుంది, ఇంకో జట్టు మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ అంటుంది. పీఎస్5 వేగం 10.28 టెరాఫ్లాప్స్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ది 12 అని అంకెలు మొదలవుతాయి. ఈ మధ్య నింటెండో వాళ్ళ స్విచ్ 2 వచ్చింది కాబట్టి మూడో జట్టు కూడా తయారైంది. నేను ఆ అంకెల జోలికి పోను. ఆ తేడా టీవీకి పదడుగుల దూరంలో కూర్చున్నవాడి కంటికి పెద్దగా ఆనదు. నేను అడిగేది వేరే. నెట్ పోతే మీ ఆట నడుస్తుందా? మీరు ఆడేశాక తమ్ముడికి ఇవ్వగలరా, అమ్ముకోగలరా? ఆ కంపెనీ రేపు సర్వర్ కట్టేస్తే మీ దగ్గర ఏం మిగులుతుంది? నలభై యాభై వేలు పోసి కొంటున్నారు, ఒక్కో ఆటకి నాలుగైదు వేలు పెడుతున్నారు. ఈ మూడూ అడక్కుండా ఎలా కొంటారండీ?

ఈ గొడవ ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2013కి వెళ్ళాలి. ఆ ఏడాది మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ని చూపించింది. జూన్ 6న దాని షరతులు బయటపెట్టింది. ఏమిటా షరతులు? కన్సోల్ 24 గంటలకొకసారి నెట్‌కి తగిలి తీరాలి. తగలకపోతే ఆటలు ఆగిపోతాయి, డిస్క్ లోపలే ఉన్నా సరే. స్నేహితుడి ఇంటికెళ్ళి అతని కన్సోల్‌లో మీ అకౌంట్‌తో ఆడితే ఆ గడువు ఒక్క గంట. డిస్క్ ఇంకొకరికి ఇవ్వొచ్చు, కానీ ఒక్కసారే. అది కూడా ఆ మనిషి మీ ఫ్రెండ్స్ జాబితాలో 30 రోజులుగా ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మాలంటే, ఆ ఆట తీసిన పబ్లిషర్ ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోయారు. ఆ కన్సోల్ మొదట పనిచేసే దేశాల జాబితాలో 21 పేర్లున్నాయి. అందులో మన దేశం లేదు. మన కోనసీమ కుర్రాళ్ళకి గల్ఫ్ నుంచో అమెరికా నుంచో అన్నయ్యో బాబాయో కన్సోల్ పంపించడం మామూలే కదా. ఆ రూల్స్ అలాగే ఉండుంటే, పెట్టె వచ్చేది, ఆట నడిచేది కాదు.

నెట్ లేనివాళ్ళ సంగతేమిటని ఒక ఇంటర్వ్యూలో అడిగితే, అప్పట్లో ఎక్స్‌బాక్స్ వ్యవహారాలు చూసే డాన్ మాట్రిక్, అలాంటివాళ్ళ కోసం మా దగ్గర ఎక్స్‌బాక్స్ 360 ఉంది అన్నాడు. అంటే పాతది వాడుకోండి అని. జనానికి అక్కడే మండింది.

జూన్ 10న సోనీ వేదికెక్కింది. పీఎస్4లో ఒకరు వాడి ఇచ్చిన డిస్కుల మీద ఆంక్షలేమీ పెట్టం, నెట్ తనిఖీ ఉండదు, ధర 399 డాలర్లు అంది. ఎక్స్‌బాక్స్ వన్ ధర 499, అందులో కైనెక్ట్ కెమెరా కలిపి. సోనీ ఒక చిన్న వీడియో కూడా వదిలింది. ఆటని ఇంకొకరితో ఎలా పంచుకోవాలి అని పేరు పెట్టి, ఒకాయన ఇంకొకాయనకి డిస్క్ పెట్టె చేతికిస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు. అంతే వీడియో. జూన్ 19న మైక్రోసాఫ్ట్ మొత్తం వెనక్కి తీసుకుంది.

అయితే న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ వెనక్కి తీసుకున్నదాంట్లో మంచివి కూడా పోయాయి. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక డిస్క్ పెట్టకుండా ఆడుకునే సౌకర్యం ఉండేది. కుటుంబంలో పదిమంది దాకా ఒకే లైబ్రరీని వాడుకునే ఏర్పాటు ఉండేది. వాళ్ళ పక్షాన వాదించినవాళ్ళు చెప్పింది అదే, పీసీ ఆటలు నెట్‌లో అమ్మే స్టీమ్ కొట్టు ఇదే చేస్తోంది కదా, దాన్నెవరూ తిట్టరేం అని. మంచి ప్రశ్నే. జవాబేమిటంటే, స్టీమ్‌లో ధరలు బాగా పడతాయి, ఆఫ్‌లైన్ మోడ్ ఉంది, పైగా అక్కడ ఎవరూ డిస్క్ చేతికిచ్చి, ఇది నీది కాదు అనలేదు. ఇక్కడ చేతిలో పెట్టి, నీది కాదు అన్నారు.

ఈ 24 గంటల మాట మన దగ్గర ఎందుకు అంత పట్టించుకోవాలి? మన ఊళ్ళు చూడండి. తుఫాను వస్తే ముందు కరెంటు పోతుంది, తర్వాత ఫైబర్ తీగ తెగుతుంది. కరెంటు మర్నాటికి వచ్చినా తీగ అతుక్కోవడానికి ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. 2022 జూలైలో గోదావరి వరదకి లంక ఊళ్ళు ఎన్ని రోజులు నీళ్ళలో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే ఏడాది మే నెలాఖరులో అమలాపురం వైపు గొడవలప్పుడు మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఇలాంటి చోట 24 గంటలకొకసారి నెట్ అంటే ఎలాగండీ?

సరే, ఆ షరతు పోయింది కదా, ఇప్పుడేం బాధ అంటారేమో. పేరు మార్చుకుని వేరే దారుల్లో వచ్చింది. అదే ఇవాళ చెప్పదలుచుకున్నాను. కన్సోల్ మీ ఆటని తెరిచే ముందు ఏమేం చూస్తుందో తెలిస్తే, ఎక్కడ ఆగిపోతుందో మీకే అర్థమవుతుంది.

డిస్క్ ఆట అయితే డిస్కే తాళం. ఆట మొత్తం కన్సోల్ లోపలి స్టోరేజీలోకి ఎక్కినా, ఆడిన ప్రతిసారీ డిస్క్ పెట్టాలి. డౌన్‌లోడ్ ఆట అయితే లైసెన్స్ తాళం. ఆ లైసెన్స్ మీ అకౌంట్‌కి కట్టి ఉంటుంది, ఆ అకౌంట్ ఒక్కో రకం కన్సోల్‌లో ఒక్కదాన్నే తన సొంతిల్లుగా గుర్తిస్తుంది. ఆ కన్సోల్‌లో అయితే నెట్ లేకుండా ఆడొచ్చు, ఇంట్లో మిగతావాళ్ళు వాళ్ళ ప్రొఫైళ్ళతో కూడా ఆడొచ్చు. ఇంకే కన్సోల్‌లోనైనా మీ అకౌంట్‌తోనే, నెట్ పెట్టుకునే ఆడాలి. పీఎస్4లో దీన్ని ప్రైమరీ అంటారు. పీఎస్5లో సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్, అక్కడ కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అని ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో మై హోమ్ ఎక్స్‌బాక్స్. దాన్ని ఏడాదికి ఐదుసార్లే మార్చుకోనిస్తారు.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. అన్నయ్య హైదరాబాద్‌లో ఉద్యోగం, అతని దగ్గరొక పీఎస్5. పాలకొల్లులో తమ్ముడి దగ్గర ఇంకొకటి. అకౌంట్ అన్నయ్యది. షేరింగ్ ఎక్కడ ఆన్ చెయ్యాలి? అందరూ అన్నయ్య దగ్గరే చేస్తారు, అకౌంట్ ఆయనది కదా అని. తప్పు. నెట్ నిలకడగా ఉండని ఇంట్లో ఉన్న కన్సోల్‌లో చెయ్యాలి. హైదరాబాద్‌లో ఎలాగూ నెట్ ఉంటుంది, అన్నయ్య తన అకౌంట్‌తో లాగిన్ అయి ఆడుకుంటాడు. రాసుకోండి, ఇది చాలామంది తలకిందులుగా చేస్తున్న పని.

ఆట బొమ్మ మీద తాళం గుర్తు పడిందనుకోండి, కంగారుపడి ఆట తీసేసి మళ్ళీ డౌన్‌లోడ్ పెట్టకండి. వంద జీబీ ఆట 40 ఎంబీపీఎస్ లైన్ మీద దిగడానికి ఐదున్నర గంటలు పడుతుంది, అదీ లైన్ సరిగ్గా ఉంటే. ముందు అదే అదర్ మెనూలో రీస్టోర్ లైసెన్సెస్ నొక్కండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే షేరింగ్ ఆఫ్ అయిందేమో చూడండి. సోనీ చందా పథకం పీఎస్ ప్లస్‌లో ఉచితంగా వచ్చిన ఆట అయితే చందా గడువు అయిపోయిందేమో చూడండి. చందా ఆటలు చందా ఉన్నంతవరకే.

ఇప్పుడు మన దగ్గర జోరుగా సాగుతున్న ఒక వ్యాపారం గురించి చెప్పాలి. టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో ప్రైమరీ అకౌంట్ ఇంత, సెకండరీ అకౌంట్ ఇంత అని అమ్ముతున్నారు. నాలుగు వేల ఆట వెయ్యికొచ్చింది అని మురిసిపోతున్నారు. ఇది ఎలా నడుస్తుందో చూడండి. అమ్మేవాడు ఒక అకౌంట్‌లో ఒక ఆట కొంటాడు. ఆ అకౌంట్‌కి పీఎస్5 ప్రైమరీ ఒకటి, పీఎస్4 ప్రైమరీ ఒకటి ఉంటాయి. ఆ రెండూ ఇద్దరికి అమ్ముతాడు. మిగిలిన సెకండరీ, అంటే ప్రైమరీ కాని కన్సోల్‌లో లాగిన్ అయి ఆడే వీలు, ఇంకొకరికి అమ్ముతాడు. సెకండరీ కొన్నవాడు ఎప్పుడూ నెట్‌లో ఉండాలి. అదే సెకండరీని ఇంకొకరికి కూడా అంటగట్టాడంటే ఒకరు లాగిన్ అయితే ఇంకొకరు బయటపడతారు. ప్రైమరీ కొన్నవాడు కన్సోల్ రీసెట్ చేసుకున్నాడా, పోయింది. అమ్మినవాడు వెబ్‌లోంచి ఆరునెలలకొకసారి అన్ని పరికరాలనూ తీసెయ్యగలడు. మొదట డబ్బు కట్టిన వివరాలు వాడి దగ్గరే ఉంటాయి కాబట్టి, మీరు పాస్‌వర్డ్ మార్చుకున్నా కంపెనీకి చెప్పి వెనక్కి లాక్కోగలడు. సోనీ నిబంధనల ప్రకారం అకౌంట్ అమ్మడమే తప్పు, కాబట్టి మీరు ఫిర్యాదు చేసేందుకు చోటుండదు. దయచేసి వద్దు. ఆ వెయ్యి రూపాయలతో సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనుక్కోండి, ఆడి మళ్ళీ అమ్ముకోండి.

డిస్క్ అంటే భరోసా అనుకున్నాం కదా. అందులో కూడా మెలిక ఉంది. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ టూ పీఎస్5 డిస్క్‌లో ఉన్నది సుమారు 70 ఎంబీ. పీఎస్5 డిస్క్‌లో వంద జీబీ దాకా పడుతుంది! మిగతా ఆటంతా నెట్‌లోంచే దిగాలి. పెట్టె మీద ఇంటర్నెట్ రిక్వయర్డ్ అని చిన్న అక్షరాలుంటాయి, అవి చదవండి. డజ్ ఇట్ ప్లే అని ఒక స్వచ్ఛంద బృందం ఉంది, నెట్ లేకుండా ఏ డిస్క్ మొదటినుంచి చివరిదాకా నడుస్తుందో వాళ్ళే ఆడి చూసి రాస్తారు. కొనే ముందు అక్కడొకసారి వెతకండి.

స్విచ్ 2 సంగతి. దీని ఆటలు డిస్క్‌లో కాదు, చిన్న కార్డులో వస్తాయి. ఇది 2025 జూన్ 5న వచ్చింది. దీంట్లో గేమ్ కీ కార్డ్ అని కొత్త రకం తెచ్చారు. కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు. పెట్టగానే నెట్‌లోంచి ఆట దిగుతుంది. ఆ తర్వాత ఆడాలంటే కార్డు ప్రతిసారీ లోపలే ఉండాలి. అంటే డౌన్‌లోడ్ కష్టం, కార్డు మార్చే కష్టం, రెండూ మనకే. ఒక్క మంచి ఏమిటంటే ఆ కార్డు ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. స్ట్రీట్ ఫైటర్ 6 ఇలా వచ్చింది. అదే సైబర్‌పంక్ 2077 చూడండి, 64 జీబీ కార్డులో ఆట మొత్తం పెట్టి ఇచ్చారు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట. పెట్టె ముందువైపు కింద తాళంచెవి బొమ్మ ఉందంటే అది కీ కార్డ్. ఆ బొమ్మ చూడకుండా కొనకండి. లోపలి 256 జీబీ నిండితే మామూలు మైక్రో ఎస్‌డీ పనికిరాదు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని అడిగి తీసుకోవాలి.

జపాన్‌లో చవగ్గా దొరికే స్విచ్ 2 ఒకటుంది. అది జపనీస్ భాషలోనే నడుస్తుంది, జపాన్ అకౌంట్ మాత్రమే తీసుకుంటుంది. ఎవరైనా తెచ్చిపెడతామంటే ముందే చెప్పండి, అది వద్దని. గల్ఫ్ నుంచి పీఎస్ డిస్కులు తెప్పించుకునేవాళ్ళు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. డిస్క్ ఏ దేశానిదైనా మన కన్సోల్‌లో ఆడుతుంది. కానీ డీఎల్‌సీ, అంటే ఆటకి విడిగా అమ్మే అదనపు భాగం, కొనాలంటే డిస్క్ రీజియన్, అకౌంట్ రీజియన్ కలవాలి. ఇండియా అకౌంట్‌లో కొన్న డీఎల్‌సీ వేరే రీజియన్ డిస్క్‌ని పట్టించుకోదు. డబ్బు కట్టాక తెలుస్తుంది, తిరిగిరాదు.

ఇక్కడ రిపేరు చేసే తమ్ముళ్ళున్నారు కదా, మీకోసం రెండు ముక్కలు. డిస్క్ డ్రైవ్ పాడైతే ఇంకో కన్సోల్ నుంచి డ్రైవ్ మొత్తం తీసి పెట్టేస్తే పనిచెయ్యదు. మొదటి పీఎస్4 కానివ్వండి, మొదటి పీఎస్5 కానివ్వండి, ఎక్స్‌బాక్స్ కానివ్వండి, డ్రైవ్ బోర్డు ఆ మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. కాబట్టి పాడైన డ్రైవ్‌లోని బోర్డుని విప్పి కొత్తగా పెట్టే డ్రైవ్‌కి మార్చాలి. లేజర్, మోటారు మార్చుకోవచ్చు, బోర్డు మాత్రం అదే ఉండాలి. బోర్డే కాలిపోతే? అదే అసలు కష్టం, ఆ కన్సోల్ ఇక డౌన్‌లోడ్ ఆటలకే. 2023లో వచ్చిన పీఎస్5 స్లిమ్‌లో డ్రైవ్ ఊడదీసి పెట్టుకునేలా చేశారు, మంచిదే. కానీ పెట్టినప్పుడు ఒకసారి నెట్‌లో జతచెయ్యాలి. ఆ సర్వర్ ఉన్నంతకాలమే ఆ జతకట్టడం. సెకండ్ హ్యాండ్‌లో స్లిమ్ కొనేటప్పుడు, అమ్మేవాడి ఎదుటే రీసెట్ చేయించి, డిస్క్ పెట్టి, ఆట తెరుచుకునేదాకా చూసి డబ్బివ్వండి.

రెండోది బటన్ సెల్. పీఎస్4 మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్ ఒకటుంటుంది, గడియారాల కొట్లో దొరికేదే. అది గడియారం నడపడానికి. అది చచ్చిపోయిందనుకోండి, కన్సోల్‌కి టైమ్ తెలియదు. టైమ్ తెలియకపోతే ఆటల్లో గెలిచిన ట్రోఫీల లెక్క తప్పుతుందని నెట్‌లో సరిచూసుకోవాలంటుంది. నెట్ లేకపోతే? పాత సాఫ్ట్‌వేర్ ఉన్న పీఎస్4లో డిస్క్ ఆటలు కూడా తెరుచుకునేవి కావు. ఆలోచించండి, ముప్ఫై రూపాయల సెల్ పోతే ఇంట్లో ఉన్న డిస్కులన్నీ ఆగిపోయేవి. జనం గోలపెడితే 2021 సెప్టెంబర్‌లో 9.00 అప్‌డేట్‌తో సోనీ సరిచేసింది. కాబట్టి మూలపడేసిన పీఎస్4 మీ కొట్టుకొస్తే, సెల్ మార్చండి, అప్‌డేట్ కూడా 9.00 దాటిందో లేదో చూడండి.

ఆ ఇంట్లో నెట్ లేదా? పెన్‌డ్రైవ్ చాలు. ఎఫ్ఏటీ32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫార్మాట్ చెయ్యండి. అందులో పీఎస్4 అని ఫోల్డర్, దానిలోపల అప్‌డేట్ అని ఇంకో ఫోల్డర్, రెండూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. సోనీ సైటు నుంచి దించిన ఫైలు అందులో పెట్టండి, పేరు చివర ఒకటి, రెండు అని బ్రాకెట్లు తగిలితే తీసెయ్యండి, అది ఉంటే ఫైలు దొరకలేదంటుంది. కన్సోల్ ఆపి, పవర్ బటన్ రెండో బీప్ వచ్చేదాకా, ఏడు సెకన్లు, నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. మూడో ఆప్షన్ అప్‌డేట్. కంట్రోలర్ వైరు తగిలించి ఉంచండి. ఆరోది, ఏడోది మాత్రం ముట్టుకోకండి, అవి మొత్తం తుడిచేస్తాయి, ఆటలో ఎక్కడిదాకా వచ్చారో దాచుకున్న సేవులన్నీ పోతాయి.

మూడో ప్రశ్నకొద్దాం, కొట్టు కట్టేస్తే? తన పాత కన్సోళ్ళు వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ ఆటల దుకాణం 2023 మార్చి 27న నింటెండో మూసేసింది. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూతపడింది. నెట్ లేనివాళ్ళు వాడుకోండి అన్న ఆ 360యే. ఇప్పుడు దాంట్లో కొత్తగా కొనుక్కోలేరు, డిస్కులు మాత్రం నడుస్తున్నాయి. ఇంకా ఘోరమైంది ద క్రూ. 2014లో వచ్చిన కార్ల ఆట. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. ఒక్కడే కూర్చుని ఆడుకునే భాగం కూడా ఆగిపోయింది. డిస్క్ ఉన్నా లాభం లేదు. దాంతోనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టింది, యూరప్‌లో 2025లో పది లక్షల సంతకాలు దాటింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్‌గా అమ్మేటప్పుడు, నువ్వు కొంటున్నది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి. చెప్పకుండా కొనండి అనకూడదు.

మన రైతులకి కౌలు తెలుసు. కౌలుకి తీసుకున్నవాడికి ఎకరానికి ఎన్ని బస్తాలో తెలుసు, ఎప్పటిదాకానో తెలుసు. డిజిటల్ ఆటకి ఆ గడువు కూడా ఎవరూ చెప్పరు. అది నాకు అన్యాయం అనిపిస్తుంది. అద్దెకిస్తే అద్దె అని చెప్పమనండి, ధర ఆ మాదిరి పెట్టమనండి. పూర్తి ధర తీసుకుని గడువు చెప్పకపోవడమేమిటి?

మరి ఏది కొనాలి అని అడుగుతారు. డిస్క్ లేని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, డిజిటల్ పీఎస్5 పెట్టె ధరలో చవక. కానీ ఆటలు ఒకే కొట్లో ఆ కొట్టు చెప్పిన ధరకే కొనాలి, అమ్ముకోలేరు. ఏడాదికి ఐదారు ఆటలు కొనేవాళ్ళకి, డిస్క్ ఉన్న పెట్టెకి ఎక్కువ పెట్టిన డబ్బు సెకండ్ హ్యాండ్ డిస్కులతో రెండేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. మన ఊళ్ళలో నా సలహా డిస్క్ ఉన్నదే. ఎప్పుడూ మల్టీప్లేయరే ఆడేవాళ్ళకి మాత్రం ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు, నెట్ ఎలాగూ కావాలి.

కొన్న వారంలో ఒక పరీక్ష చెయ్యండి, తిరిగిచ్చే గడువు ఉండగానే. ఆట ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్లన్నీ పెట్టుకుని, రౌటర్ ఆపేయండి. కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో కాదు, పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత నెట్ లేకుండా పెట్టి, మీ అకౌంట్‌తో కాకుండా ఇంట్లో ఇంకొకరి ప్రొఫైల్‌తో ఆట తెరవండి. తెరుచుకుంటే మంచిది. తెరుచుకోకపోతే షేరింగ్ ఎక్కడో తేడాగా ఉంది, లేదా ఆ ఆట స్వభావమే అంత.

ఏదో ప్రశ్న ఉన్నట్టుంది, అడగమ్మా. (ప్రశ్న: స్విచ్ సెకండ్ హ్యాండ్ కార్డు కొంటే కన్సోల్ బ్యాన్ అవుతుందంటున్నారు, నిజమేనా?) మంచి ప్రశ్న అమ్మా. ప్రతి కార్డుకీ ఒక్కో గుర్తింపు ఉంటుంది. ఎవడైనా ఆ కార్డుని కాపీ తీసుకుని, అసలుది అమ్మేశాడనుకో. ఒకే గుర్తింపు రెండు చోట్ల నెట్‌లో కనబడితే నింటెండో ఆపేస్తుంది, అసలు కార్డు కొన్నవాళ్ళు కూడా చిక్కుల్లో పడతారు. అలాంటప్పుడు కార్డు ఫొటోలు, డబ్బు పంపిన రశీదు, అమ్మినవాడితో మాట్లాడిన చాట్, ఇవన్నీ చూపిస్తే వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. కాబట్టి చేతికి నగదు ఇచ్చి కొనకు, యూపీఐలో పంపు. కార్డు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకో.